టిక్కీ ఎత్తమన్న రూలు

"ఎత్తమ్మా" అన్నాడు మార్కెట్ యార్డు సెక్రటరీ, నా మొహం వంక చూడకుండా.

నా ముందు ఒక టిక్కీ ఉంది. ఎండుమిరపకాయలు కుక్కి కుట్టిన గోనె బస్తాను మా వైపు టిక్కీ అంటారు. నలభై కిలోలకు పైనే తూగుతుంది. దాన్ని భుజానికెత్తుకుని, ముగ్గుపిండితో గీసిన గీత దాకా ఇరవై అడుగులు నడవాలి. నడిస్తే నా లైసెన్సు ఇంకో ఏడాదికి రెన్యువల్ చేస్తారు. నడవలేకపోతే చెయ్యరు.

నా ఎడమ కాలు పోలియో కాలు. మూడేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు జ్వరం వచ్చి, జ్వరంతో పాటు కాల్లో సత్తువ కూడా పోయింది. ఇనప కడ్డీలూ తోలు పట్టీలూ ఉన్న కాలిపర్ బిగించుకుంటేనే నిలబడగలను. ఈ సంగతి సెక్రటరీకి తెలుసు. పదకొండేళ్ళుగా ఆ మార్కెట్ యార్డులో నా పని కాటా వెయ్యడమేగాని బస్తాలు మొయ్యడం కాదని కూడా తెలుసు. మొయ్యడానికి హమాలీలు ఉన్నారు. వాళ్ళు టిక్కీని తెచ్చి కాటా మీద పెడతారు. నేను అంకె చూసి, పైకి చదివి, చీటీ రాసి రైతు చేతికిస్తాను. ఆ పనికి కళ్ళు కావాలి, నోరు కావాలి, భయపడని గుండె కావాలి. అవి మూడూ నాకున్నాయి.

"సెక్రటరీ గారూ, నేను హమాలీని కాదు. కాటా వేసేదాన్ని" అన్నాను.

"ఇప్పుడు అంతా ఒకటేనమ్మా. కొత్త రూలు వచ్చింది. కాటా వేసేవాళ్ళు, మోసేవాళ్ళు, జల్లెడ పట్టేవాళ్ళు, అందరూ మార్కెట్ కార్మికులే. అందరికీ ఒకటే పరీక్ష."

చుట్టూ హమాలీలు, గుమాస్తాలు, కమీషన్ వ్యాపారులు నిలబడి చూస్తున్నారు. నేను ఎత్తనని చెప్పి తిరిగి వెళ్ళిపోయి ఉండాల్సింది. ఇప్పటికీ అదే అనుకుంటాను. కానీ పదకొండేళ్ళ పని అది. పైగా అందరూ చూస్తున్నారన్న పౌరుషం ఒకటి. వంగి టిక్కీ చెవులు రెండూ పట్టుకున్నాను. మోకాలి దాకా లేచింది. కుడికాలి మీద బరువు మోపి ఎడమకాలు ముందుకు వెయ్యబోయాను. కాలిపర్ పట్టీ ఫట్‌మని తెగింది. టిక్కీ ముందూ నేను దాని మీదా పడ్డాం. కుట్టు విచ్చుకుని కాయలు చెదిరాయి. ఆ ఘాటు కళ్ళల్లోకి, ముక్కులోకి పోయింది. నేల మీద కూర్చుని దగ్గుతూ, కళ్ళు తెరవలేక తెరవలేక తెరిచేసరికి ఒక వ్యాపారి అంటున్నాడు:

"ఇన్నేళ్ళూ మా టిక్కీలు నువ్వు తూచావు. ఇయ్యాల టిక్కీ నిన్ను తూచింది."

నలుగురు నవ్వారు. హమాలీలు మాత్రం నవ్వలేదు. వాళ్ళలో ఒకతను వచ్చి నన్ను రెక్క పట్టి లేపాడు. సెక్రటరీ రిజిస్టరులో నా పేరు పక్కన 'అనర్హురాలు' అని రాశాడు.

"ఎవరు రాశారీ రూలు?" అని అడిగాను.

"పై నుంచి వచ్చింది."

"పైన అంటే ఎవరు?"

"పైన అంటే పైనేనమ్మా. నన్ను అడిగి చేస్తారా?" అని ఒక జిరాక్సు కాగితం నా వైపు తోశాడు. చిన్న అక్షరాల ఇంగ్లీషు. కింద ఎవరిదో సంతకం. ఆ సంతకం పెట్టినాయన జన్మలో మిరపకాయల టిక్కీని ముట్టుకుని ఉండడని నాకు చూడగానే అనిపించింది. ఆ రోజు మొదలైన కోపం నాకింకా తగ్గలేదు.

కాటా పని మా నాన్న దగ్గర నేర్చుకున్నాను. ఆయన అదే యార్డులో ముప్పై ఏళ్ళకు పైగా కాటా వేశాడు. ఇంటర్ తర్వాత నన్ను చదివించలేక, ఇంట్లో కూర్చోబెట్టలేక, వెంట తీసుకుపోయాడు. ఆయన రోజుల్లో ముల్లు కాటా. ముల్లు ఊగడం ఆగేదాకా చదవకూడదనేవాడు. నా రోజులకు ఎలక్ట్రానిక్ కాటాలు వచ్చాయి. అంకె కూడా ముల్లు లాంటిదే. బస్తా పెట్టగానే పైకీ కిందకీ పరిగెత్తుతుంది. అది ఆగకముందే తక్కువ అంకె చూసి "రాసెయ్, రాసెయ్" అని తొందర పెట్టే గుమాస్తాలుంటారు. బస్తా అంచు కింద చెయ్యి పెట్టి కాస్త లేపి పట్టుకునేవాళ్ళుంటారు. ఇవన్నీ రైతు కళ్ళెదురుగానే జరుగుతాయి. రైతు చూడలేడు. ఆయన చూపు ధర మీద ఉంటుంది.

నేను చూస్తాను. చూసి ఊరుకోను. "చెయ్యి తియ్యి" అని యార్డంతా వినపడేట్టు అరుస్తాను. అందుకే వ్యాపారులకు నేనంటే పడేది కాదు. రైతులు మాత్రం "కుంటమ్మ కాటా ఏది?" అని అడుగుతూ వచ్చి నా దగ్గర వరస కట్టేవాళ్ళు. ఆ పేరు విన్నప్పుడల్లా చురుక్కుమనేది. అయినా అది నా కాటాకు దక్కిన పేరు కూడా అని సర్దుకున్నాను.

పరీక్ష రోజు మధ్యాహ్నం తెగిన పట్టీ చేత్తో పట్టుకుని ఆటోలో ఇంటికి వచ్చాను. నాన్న వసారాలో మంచం మీద కూర్చుని ఉన్నాడు. జరిగింది చెప్పాను. ఆయన తెగిన పట్టీని నా చేతిలోంచి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాత, "పోనీలేవే. గవర్నమెంటు చేసిన రూలు గదా. వాళ్ళేదో ఆలోచించే చేసుంటారు" అన్నాడు.

"ఏం ఆలోచించారు నాన్నా? కాటా ముందు కూర్చునేదానికి కండలు కావాలనా?"

"చట్టం మీదకు పోతావా ఏంది? చట్టంతో పెట్టుకుని బాగుపడ్డోడు ఉన్నాడా ఈ పల్నాట్లో?"

ముప్పై ఏళ్ళు ప్రభుత్వ ముద్ర ఉన్న లైసెన్సును గోడకు ఫ్రేము కట్టించి పెట్టుకున్న మనిషి ఆయన. ముద్ర ఉన్న కాగితం ఏదైనా ఆయనకు ఒకటే. నాకు ఆయన మీద వచ్చినంత కోపం ఆ ఎగతాళి చేసిన వ్యాపారి మీద కూడా రాలేదు. రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. మూడో రోజు పట్టీ కుట్టించుకుని నరసరావుపేట బస్సెక్కాను.

కోర్టు ఎదురుగా ఉన్న సందులో ఒక పెద్ద లాయరు గారున్నారని ఆ రోజు నన్ను లేపిన హమాలీ చెప్పాడు. ఆయనకు అరవై దాటి ఉంటాయి. నేను తలుపు దగ్గర నిలబడగానే కళ్ళజోడు పైకి జరిపి చూసి, "నువ్వా? రా, కూర్చో" అన్నాడు. నాకు ఆయనెవరో తెలియదు.

"నాకు పొలం ఉంది. ఒక ఏడు మా పత్తి మీ యార్డుకి తోలాం. హమాలీలు బస్తా పెట్టేటప్పుడు మా పాలేరు కాలి బొటనవేలు కాటా మీద ఆనించి పెట్టాడు. నువ్వు 'కాలు తియ్యి' అని వాణ్ణి కడిగిపారేశావు. నేను ఆ పక్కనే ఉన్నా. సిగ్గుతో చచ్చిపోయా" అని నవ్వాడు. తర్వాత నేనిచ్చిన జిరాక్సు చదివాడు. చదువుతున్నకొద్దీ ఆ నవ్వు పోయింది.

"ఇది చట్టం కాదమ్మాయ్."

"మరి?"

"రూలు. చట్టం వేరు, రూలు వేరు. చట్టం అసెంబ్లీలో చేస్తారు. మనం ఓట్లేసినోళ్ళు కూర్చుని చేసేది. అన్ని వివరాలూ అందులో రాయలేరు గనక, 'మిగతావి మీరు రాసుకోండయ్యా' అని ప్రభుత్వానికి అధికారం ఇస్తారు. అట్టా ఆఫీసులో కూర్చుని రాసింది ఈ రూలు."

"అంటే వాళ్ళేం రాస్తే అదేనా?"

"ఎట్టా అయిద్ది? పొలం కౌలుకిస్తావు. కౌలుదారు పంట పండించుకోవచ్చు. ఏ పంట అనేది కూడా వాడిష్టమే. కానీ పొలంలో మట్టి తవ్వి ఇటుకబట్టీకి అమ్ముకుంటానంటే ఒప్పుకుంటావా? ఆ రెండింటికీ తేడా చూడటానికే హైకోర్టు ఉంది."

ఇంత సూటిగా ఆ సంగతి నాకు ఇంతకుముందు ఎవరూ చెప్పలేదు. ముప్పై ఏళ్ళ వయసు వచ్చేదాకా చట్టం, రూలు, జీవో, సర్క్యులర్ అన్నీ ఒకే కొండ మీద నుంచి దొర్లి వచ్చే రాళ్ళనే అనుకున్నాను. ఏ రాయిని ఎవరు దొర్లించారో అడగొచ్చని తెలియదు.

ఆయన మార్కెట్ల చట్టం కాపీ తీయించి నా చేతిలో పెట్టాడు. "చదువు. నీ కేసు నీకు తెలియాలి" అన్నాడు.

మధ్యాహ్నాలు వసారాలో కూర్చుని చదివాను. తెలియని మాటలు ఫోనులో వెతుక్కున్నాను. పదిహేను రోజులు పట్టింది. మొదట్లోనే ఏ మాటకు ఏ అర్థమో చెప్పే జాబితా ఉంది. అందులో హమాలీ ఒక చోట, కాటా వేసే మనిషి ఇంకో చోట, వేరువేరుగా ఉన్నారు. సరుకును ఎత్తేవాడు, దింపేవాడు హమాలీ. సరుకును తూచేవాడు కాటాదారు. ఎప్పుడో చట్టం రాసిన మనుషులకు ఆ తేడా తెలుసు. మొన్న రూలు రాసిన మనిషికి తెలియలేదు. తెలుసుకోవాల్సిన అవసరం ఉందని కూడా అనుకోలేదు.

చివరికి వచ్చేసరికి ఇంకొక మాట కనపడింది. ఈ చట్టం కింద చేసిన ప్రతి రూలునూ అసెంబ్లీ ముందు పెట్టాలని. నేను వెంటనే లాయరు గారికి ఫోను చేశాను.

"దీన్ని పెట్టారాండీ అసెంబ్లీలో?"

"అడుగుదాం. సమాచార హక్కు కింద రాయి."

రాశాను. నెల దాటాక జవాబు వచ్చింది. మీరు అడిగిన సమాచారం ఈ కార్యాలయంలో అందుబాటులో లేదు. అంతే. నా లైసెన్సు తీసేసిన కాగితం ఊరూరి యార్డులో అందుబాటులో ఉంది. ఆ కాగితాన్ని మనం గెలిపించిన వాళ్ళు ఒక్కసారైనా చూశారా అంటే మాత్రం అందుబాటులో లేదు.

"ఇంకేం, మనం గెలిచినట్టే గదా!" అన్నాను లాయరు గారితో.

ఆయన తల అడ్డంగా ఊపాడు. "సభ ముందు పెట్టలేదని రూలు చచ్చిపోదమ్మాయ్. పెట్టడం మంచిదేగానీ, పెట్టకపోయినంత మాత్రాన చెల్లకుండా పోదని కోర్టులు చానాసార్లు చెప్పాయి. ఆ మాట రాద్దాం. దాన్నే నమ్ముకోకూడదు."

ఆ రోజు ఆయన ముందే ఏడ్చాను. బాధతో కాదు. నేను రెన్యువల్ ఫారం ఒక్క రోజు ఆలస్యంగా ఇస్తే జరిమానా. వాళ్ళు అసెంబ్లీకి చూపించాల్సిన కాగితం అసలు చూపించకపోతే, మంచిది కాదు, కానీ చెల్లుతుంది. ఇది ఎక్కడి న్యాయమని అరిచాను. పక్క గదిలో గుమాస్తా టైపు కొట్టడం ఆపేశాడు. లాయరు గారు నేను అరిచి అలిసిపోయేదాకా ఆగి, "ఈ కోపమంతా కోర్టులో చెప్పలేం. కొంచెమే రాయగలం. ఆ కొంచెం నేను రాస్తా, మిగతాది నీ దగ్గరుంచుకో" అన్నాడు. వకాలత్ మీద సంతకం పెట్టి వచ్చాను.

హైకోర్టులో రిట్ వేశాం. కేసు తేలేదాకా నన్ను పనిలో ఉండనివ్వమని అడిగాం. అవతలి వైపు వాళ్ళు జవాబు దాఖలు చెయ్యడానికి గడువు కావాలన్నారు. గడువు ఇచ్చారు. మళ్ళీ అడిగారు. మళ్ళీ ఇచ్చారు. అలా ఒక సీజను గడిచింది, ఇంకోటి గడిచింది.

ఆ రోజుల్లో నేను మిరపకాయల తొడిమలు తీసే పనికి పోయాను. గోడౌనులో కింద కూర్చుని చేసే పని గనక కాలు అడ్డం రాలేదు. చేతులు మండేవి. ఎన్నిసార్లు కడిగినా, కొబ్బరినూనె రాసినా పోని మంట. కంట్లో నలక పడితే తీసుకోవడానికి కూడా భయం.

ఒకరోజు అలా కూర్చుని ఉండగా ఫోను వచ్చింది. కృష్ణ ఒడ్డు ఊళ్ళ నుంచి ఏటా మా యార్డుకి కాయలు తెచ్చే ఒక రైతమ్మ. భర్త పోయాక సేద్యం ఆమే చేస్తోంది. నన్ను చెల్లే అంటుంది.

"చెల్లే, కాటా కాడ ఏందో తేడాగా ఉంది. ఇంటికాడ తూచుకుని తెచ్చా. టిక్కీకి రెండు కిలోలు తక్కువ చదువుతున్నాడు. అడిగితే కసురుతున్నాడు. నువ్వొకసారి రావే."

చేస్తున్న పని వదిలి వెళ్ళాను. గేటు దగ్గర వాచ్‌మన్ ఆపాడు.

"అక్కా, నీకు లైసెన్సు లేదు. లోపలికి పంపితే నా ఉద్యోగం పోయిద్ది."

"నేను కాటా వెయ్యను. పక్కన నిలబడి చూస్తా. అంతే."

"వద్దక్కా, నీకు దణ్ణం పెడతా."

వాడి మీద కోపం తెచ్చుకుని లాభం లేదు. గేటు ఊచల్లోంచి చూస్తే కాటా కనిపిస్తూనే ఉంది. దూరమేమీ కాదు. ఒక గుమాస్తా చెయ్యి బస్తా అంచు కింద ఉంది. అంకె అంత దూరం నుంచి కనపడదు. కానీ చదివేవాడి మెడ ఎంత తొందరగా తిరుగుతోందో కనపడుతోంది. ఊచలు పట్టుకుని గొంతు చించుకుని అరిచాను.

"చెయ్యి తియ్యరా! అంకె ఆగనియ్యి!"

యార్డంతా తిరిగి చూసింది. గుమాస్తా చెయ్యి ఠక్కున తీశాడు. రైతమ్మ కాటాకు అడ్డం నిలబడి, అప్పటిదాకా వేసినవన్నీ మళ్ళీ వెయ్యమని పట్టుబట్టింది. హమాలీలు టిక్కీలన్నీ వెనక్కి మోసుకొచ్చారు. నేను గేటు బయట ఎండలో నిలబడి, అన్నీ అయ్యేదాకా కదల్లేదు. ఆ సాయంత్రం వచ్చేసరికి గొంతు పూర్తిగా పోయింది.

ఆ సంగతి ఎవరో నాన్నకు చెప్పారు. మరుసటి వాయిదాకు నేను బయల్దేరుతుంటే ఉతికిన పంచె కట్టుకుని తయారుగా కూర్చున్నాడు.

"నేనూ వస్తా" అన్నాడు.

క్రోసూరు మీదుగా అమరావతి బస్సు. అక్కడి నుంచి హైకోర్టుకు ఆటో. ధరణికోట దగ్గర బస్సు ఆగినప్పుడు నాన్న మెల్లగా అడిగాడు. "ఆ జడ్జి గారికి జీతం ఇచ్చేది గవర్నమెంటే గదే?"

"అవును."

"మరి గవర్నమెంటు రాసిందాన్ని తప్పని ఆయనెట్టా అంటాడు?"

"అనగలడంట. అందుకే పోతన్నాం."

ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ, నమ్మలేదని నాకు తెలిసేట్టు ఊఁ కొట్టాడు.

ఆ రోజు మా కేసు పిలిచారు. రెండేళ్ళు ఎదురుచూసింది మొత్తం కలిపి ఇరవై నిమిషాలు కూడా జరగలేదు. వాదనంతా ఇంగ్లీషు. సగం నాకు అర్థమైంది, మిగతా సగం తర్వాత లాయరు గారు చెప్పారు.

జడ్జి గారు ప్రభుత్వం తరఫు లాయర్ని అడిగారు. "ఈ రూలు చట్టంలో ఏ సెక్షను కింద చేశారు?"

"చట్టం ఉద్దేశాలు నెరవేర్చడానికి అవసరమైన రూల్స్ చేసే అధికారం ఉంది, మై లార్డ్."

"ఏమిటి ఆ ఉద్దేశం? రైతు సరుకు సరిగ్గా తూగడం. అవునా? సరిగ్గా తూచడానికీ బస్తా ఎత్తగలగడానికీ సంబంధం ఏమిటి?"

"యార్డుల్లో పని సామర్థ్యం పెంచడానికి..."

"తూచేవాళ్ళు వేరు, మోసేవాళ్ళు వేరని శాసనసభ రాసింది. ఇద్దరినీ ఒకటి చెయ్యాలంటే శాసనసభే చెయ్యాలి. మీకు ఆ అధికారం ఎక్కడ ఇచ్చారో చూపించండి."

ప్రభుత్వం లాయరు కాగితాలు తిరగేశాడు. చాలాసేపు తిరగేశాడు. ఆ కాగితాల చప్పుడు నేను చెవులారా విన్నాను. నన్ను టిక్కీ ఎత్తమన్నప్పుడు ఎవరూ ఏ కాగితమూ తిరగెయ్యలేదు.

అప్పుడు జడ్జి గారు మా లాయరు వైపు తిరిగి ఒక మాట అన్నారు. "రూలు తెలివైనదా, తెలివితక్కువదా అన్నది మేం చూడం. చట్టం ఇచ్చిన హద్దులో ఉందా, దాటిందా అన్నదే చూస్తాం." మా లాయరు తల వంచి సరేనన్నాడు.

బయటికి వచ్చాక ఆ మాట అర్థం చెప్పించుకుని నేను వరండాలో కాలు కదపకుండా నిలబడిపోయాను. ఒక్క మనిషైనా, ఒక్క నోరైనా, "ఈమెను అట్లా ఎత్తమనడం తప్పు" అంటుందని రెండేళ్ళు కాసుకుని కూర్చున్నాను. ఇక్కడ కూడా ఆ మాట అనరు. హద్దు దాటారా లేదా, అంతే. కాలిపర్ తెగిన చప్పుడు ఏ హద్దులోకి వస్తుంది?

"అదే పద్ధతమ్మాయ్" అన్నాడు లాయరు గారు. "తెలివి సంగతి కూడా జడ్జిలే చూస్తామంటే, రేపు మంచి రూలును కూడా నచ్చలేదని కొట్టేస్తారు. అప్పుడు ఓటేసినోళ్ళ మాటకు విలువేముంది?"

ఆయన చెప్పింది సబబేనని తర్వాత ఎప్పుడో ఒప్పుకున్నాను. ఆ రోజు ఒప్పుకోలేదు. ఆటోలో ఆయనతో ఒక్క మాట కూడా మాట్లాడలేదు.

కొన్ని వారాల తర్వాత తీర్పు ఫోనులోకి వచ్చింది. కాటా వేసేవాళ్ళను హమాలీలతో కలిపి ఒకే తరగతి చెయ్యడం, వాళ్ళకు బస్తా ఎత్తే పరీక్ష పెట్టడం చట్టాన్ని దాటిపోయిన పని గనక ఆ మేరకు రూలు చెల్లదు. నా దరఖాస్తును పరీక్ష లేకుండా మళ్ళీ చూడాలి. పదిహేను పేజీల్లో నా గురించి ఉన్నది నాలుగు వాక్యాలు. నాలుగూ నిజాలే.

సర్టిఫైడ్ కాపీ తెచ్చుకుని యార్డుకు పోయాను. నాన్న కూడా వచ్చాడు. అదే సెక్రటరీ.

"చూశానమ్మా, విన్నాను. సంతోషం. కానీ పై నుంచి నాకింకా ఉత్తర్వులు రాలేదు. వచ్చాక చూద్దాం."

నేను నోరు తెరిచేలోపు నాన్న ముందుకు వంగాడు. నా చేతిలోంచి కాగితం తీసుకుని, ముద్ర ఉన్న పేజీ పైకి వచ్చేట్టు మడిచి, సెక్రటరీ బల్ల మీద పెట్టి, అరచేత్తో చదును చేశాడు.

"అయ్యా, నేను ఇక్కడ ముప్పై ఏళ్ళు పని చేశా. గవర్నమెంటు కాగితం అంటే ఏ రోజూ ఎదురు చెప్పింది లేదు. ఇది కూడా ముద్ర ఉన్న కాగితమే. నువ్వు చదివిందాకా నేను ఈడే కూర్చుంటా."

కూర్చున్నాడు. సెక్రటరీ చదవలేదు. మేం మర్నాడు వెళ్ళాం. ఆ మర్నాడూ వెళ్ళాం. నాన్న మంచినీళ్ళ సీసా, విసనకర్ర తెచ్చుకుని అదే కుర్చీలో కూర్చునేవాడు. వచ్చే పోయే రైతులు "ఏంది పెదనాన్నా ఈడ కూర్చున్నావ్?" అని అడిగితే మొదటి నుంచీ చెప్పేవాడు. చెప్పిన ప్రతిసారీ గొంతు కాస్త పెరిగేది. అది విని నేను మొదటిసారి ఆయన మీద కోపం వదులుకున్నాను. తొమ్మిదో రోజు లాయరు గారు కోర్టు ధిక్కారం నోటీసు పంపారు. పదో రోజు లైసెన్సు చేతికి వచ్చింది.

మళ్ళీ కాటా ముందు కూర్చున్న రోజు అప్పుడు ఎగతాళి చేసిన వ్యాపారే వచ్చాడు. "ఏమ్మా, మొత్తానికి గెలిచావుగా. ఇంక కోపం మానుకో" అన్నాడు. నేను అంకె వంకే చూస్తూ, "చెయ్యి పక్కకు పెట్టు" అన్నాను. అప్పుడు ఆయన చెయ్యి కాటా మీద లేదు, జేబులో ఉంది. అయినా అన్నాను.

గెలిచావుగా అని అందరూ అన్నారు. నేనూ కొన్ని రోజులు అదే అనుకున్నాను. ఒక ఆదివారం తెలియని నంబరు నుంచి ఫోను వచ్చేదాకా.

మాచర్ల వైపు ఒక యార్డులో కాటా వేసిన మనిషినన్నాడు. పత్తి గింజలు తీసే జిన్నింగ్ మిషన్లో పడి కుడిచేతి వేళ్ళు నాలుగు పోయాయట. వేళ్ళు పోయాకే కాటా పని నేర్చుకున్నాడట, ఎడమచేత్తో చీటీ రాస్తూ. ఆ పరీక్ష రోజు ఆయన టిక్కీ ముట్టుకోకుండానే ఇంటికి వెళ్ళిపోయాడు. ఇప్పుడు హైదరాబాదులో ఒక అపార్ట్‌మెంటుకు వాచ్‌మన్. ఊరి నుంచి ఎవరో నా సంగతి చెబితే నంబరు సంపాదించాడు.

"అమ్మా, ఆ రూలు కొట్టేసింది నీ ఒక్కదానికేనా? నాకు కూడా వర్తిస్తదా?"

"అందరికీ వర్తిస్తదన్నా. రూలే పోయింది."

అవతల ఏదో కారు హారన్ కొడితే, ఫోను పెట్టకుండానే పోయి గేటు తీసి వచ్చాడు. తర్వాత, "నాకెవరూ చెప్పలేదు తల్లీ" అన్నాడు.

ఆ మాటతో నాకు పాత కోపం కొత్తగా మొదలైంది. రూలు వచ్చినప్పుడు వారం తిరగకుండా ప్రతి యార్డులో గోడకు అంటించారు. రూలు పోయినప్పుడు ఏ గోడ మీదా చిన్న కాగితం ముక్క కూడా లేదు. ఆ రూలు దెబ్బకు ఎంతమంది పని మానుకున్నారో, ఎక్కడికి పోయారో లెక్క రాసినవాళ్ళు లేరు. కోర్టు గీసిన గీత మంచిదే. కానీ ఆ గీత గీశారని చెప్పడానికి ఎవరికీ జీతం లేదు.

తీర్పులో ముఖ్యమైన రెండు పేజీలను లాయరు గారి చేత తెలుగులో రాయించి, జిరాక్సులు తీయించాను. యార్డు సెలవు రోజుల్లో నేనూ నాన్నా బస్సుల్లో తిరిగి, అందిన యార్డులన్నింటిలో ఇచ్చి వస్తున్నాం. కొన్ని చోట్ల తీసుకుంటారు. ఒక చోట "నువ్వెవరమ్మా ఇది ఇవ్వడానికి?" అన్నారు. ఆ యార్డులో నేనే గోడకు అంటించి వచ్చాను. నాన్న బంక పూశాడు.

ఈ మధ్య ఇంకో కొత్త రూలు ముసాయిదా వచ్చింది. ఈసారి అభ్యంతరాలు ఉంటే నెలలోపు రాయమన్నారు. ఆ నోటీసును మా ఆఫీసులో తలుపు వెనక అంటించారు. తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటుంది గనక అది ఎవరికీ కనపడదు. నేను తలుపు వేసి, నిలబడి చదివి, ఫోటో తీసుకున్నాను. ఇప్పుడు నా అభ్యంతరం రాస్తున్నాను. తెలుగులోనే రాస్తున్నాను. మొదటి వాక్యం నాలుగుసార్లు కొట్టేశాను. లాయరు గారు మర్యాదగా రాయమన్నాడు. ప్రయత్నిస్తున్నాను.

మాచర్ల అన్న తిరిగి వచ్చాడో లేదో ఇంకా తెలియదు. పోయిన వారం ఫోను చేస్తే ఎత్తలేదు. రేపు ఆయన పని చేసిన యార్డుకు పోతున్నాం.